తొమ్మిదిలో ఆరుగురు

“అరవై ఆరు పాయింట్ ఆరు ఆరు,” అన్నాడు ప్రిన్సిపాల్ లోరెన్, కాలిక్యులేటర్‌ని మూడోసారి నొక్కి చూసి. “పట్టా పుచ్చుకున్నవాళ్లు అరవై ఏడు శాతం ఉండాలట రాష్ట్ర విద్యాశాఖకి. ఆ తక్కువైన చిటికెన వేలంత పిల్లాణ్ణి నేనెక్కణ్ణించి తేను, జెనెల్ గారూ?”

జెనెల్ ఇరవై రెండేళ్లుగా ఆ బడిలో రికార్డుల గుమాస్తా. ఊరు ఉత్తర డకోటాలో, కెనడా సరిహద్దుకు కూతవేటు దూరం. నాలుగేళ్ల కింద అక్కడ హైస్కూల్లో చేరింది తొమ్మిది మంది. పట్టా పుచ్చుకున్నది ఆరుగురు. మిగిలిన ముగ్గురిలో ఒకడు ఇంకో ఏడాది చదవాలి. ఒకమ్మాయి చదువు మానేసి లారీ నడుపుతోంది. మూడోవాడు కోల్టన్ రీమర్. ఏప్రిల్‌లో పెట్టె సర్దుకుని, సరిహద్దు దాటి విన్నిపెగ్‌లో ఉన్న తండ్రి దగ్గరికి వెళ్లిపోయాడు.

దేశం వదిలి వెళ్లినవాణ్ణి లెక్కలోంచి తీసేయవచ్చు. అప్పుడు ఎనిమిదిలో ఆరుగురు. డెబ్బై ఐదు శాతం, దర్జాగా. కానీ దానికి కాగితం కావాలి. కాగితం లేకుండా మాయమైనవాడు బడి మానేసినట్టే లెక్క.

“ఈ ఏడాది వెనకబడ్డ బడుల జాబితాకెక్కామంటే మనల్ని పక్కూరు బార్టన్ బడిలో కలిపేద్దామన్న మాట మళ్లీ లేస్తుంది,” అన్నాడు లోరెన్. “మన పిల్లలు వాళ్ల ఉడుత బొమ్మ చొక్కాలు వేసుకుని ఫుట్‌బాల్ ఆడాలి. నేను చూళ్లేను.”

ఆపైన కళ్లద్దాలు తీసి తుడుచుకుంటూ, ఆమె మొహంలోకి చూడకుండా, “కోల్టన్ తల్లి ఒక్క సంతకం పెడితే చాలు,” అన్నాడు.

“ఆమె మొండిఘటం.”

“తెలుసు. అయినా అడగండి. తల్లి కదా, ఆవిడ బాధ ఆవిడది. మరీ గట్టిగా అడక్కండి.”

“నిబంధన ప్రకారం అడుగుతాను,” అంది జెనెల్.

నిబంధన ప్రకారం ముందు రిజిస్టర్డ్ ఉత్తరం పంపాలి. పంపింది. పగలు ఇంట్లో ఎవరూ లేరన్న చీటీతో మూడో రోజుకల్లా తిరిగొచ్చింది. రెండో ఉత్తరం పట్టుకుని వెళితే తపాలా ఆఫీసులో బెవ్ కవరు తిప్పి చూసి నవ్వింది.

“మళ్లీ ఆవిడకేనా? గట్టిగా రెండు మైళ్లు లేదు. పోతూ పోతూ నువ్వే ఇచ్చెయ్యరాదూ?”

“తపాలాలో వెళ్తేనే చెల్లుతుంది, బెవ్.”

“నీకు నీ నిబంధనలు, ఆవిడకి ఆవిడ పంతం. ఇద్దరికిద్దరూ సరిపోయారు.”

రెండో ఉత్తరమూ తిరిగొచ్చింది.

జెనెల్ రాజధానిలోని విద్యాశాఖకి ఫోన్ చేసి గడువు పెంచమని అడిగింది. అవతల ఎవరో కుర్ర ఆఫీసరు. గొంతు మర్యాదగానే ఉంది.

“పెంచడం కుదరదు, మేడమ్. పేరు తీసేయడానికి మూడే దారులు. వేరే బడికి వెళ్లాడనో, వేరే దేశం వెళ్లాడనో, చనిపోయాడనో కాగితం ఉండాలి. ఏదైనా మాకు ఒకటే.”

“వాడు నిక్షేపంలా ఉన్నాడు,” అని కసిరింది జెనెల్.

“సంతోషం, మేడమ్. అయితే రెండోది పంపండి. శుక్రవారం లోగా.”

లోరెన్‌కి ఒక ఉపాయం తట్టింది. బుధవారం ఉదయం, వాళ్లావిడ పుల్లటి రూబార్బ్ కాడలతో చేసిన కేకు డబ్బాడు తెచ్చి జెనెల్ బల్ల మీద పెట్టాడు.

“ఇది ఆవిడకి. మనసు కరుగుతుందేమో.”

జెనెల్ ఆ సాయంత్రం బడి ముందర కారు ఆపుకుని, స్టీరింగ్ మీద డబ్బా పెట్టుకుని, కేకంతా తినేసింది. అడుగున రాలిన పొడి కూడా వేలితో అద్దుకుంది.

“నచ్చిందా ఆవిడకి?” అని అడిగాడు లోరెన్ మర్నాడు.

“చాలా బాగుంది. సంతకం మాత్రం లేదు.”

లోరెన్ నిట్టూర్చి, ఖాళీ డబ్బా తీసుకుని వెళ్లిపోయాడు.

గురువారం సాయంత్రానికి ఇక ఇంటికి వెళ్లి అడగడం ఒక్కటే మిగిలింది. రిజిస్టర్లో ‘గృహ సందర్శన’ అని రాసి, టైము వేసి, ఫైలు చంకన పెట్టుకుని బయల్దేరింది జెనెల్. వాకిట్లో నల్లకుక్క తోక ఊపింది గానీ మొరగలేదు. తలుపు తట్టి నిలబడే అలవాటు ఆ ఊళ్లో ఎవరికీ లేదు. నేరుగా వంటింట్లోకి నడిచి, కుర్చీ లాక్కుని, ఫారం బల్ల మీద పరిచింది.

“వాడు ఇక తిరిగి రాడు. సంతకం పెట్టెయ్.”

“చలి ముదిరితే వస్తాడు. మందపాటి కోటు ఇక్కడే వదిలి వెళ్లాడు.”

“విన్నిపెగ్‌లో కోట్లు దొరకవా?”

ఫ్రిజ్ తలుపుకి అంటించిన ఫొటోలో కోల్టన్, హాకీ మైదానంలో మంచు నునుపు చేసే బండి మీద కూర్చుని, చెవులదాకా నవ్వుతున్నాడు. అక్కడ అదే వాడి ఉద్యోగం.

“ఈ ఊళ్లో ఉండగా ఎప్పుడైనా అలా నవ్వాడా?”

“లేదు.”

“మరి?”

“వెళ్లిపోయాడని రాసిస్తే నిజంగా వెళ్లిపోయినట్టే కదా.”

“రాసివ్వకపోతే? బడి ఎగ్గొట్టిన వెధవ అని వాడి పేరు రాజధాని దాకా పోతుంది. అది బాగుంటుందా?”

“వాడు వెధవ కాదు.”

“ఆ ముక్కే కాగితం మీద పెట్టు.”

కుక్క లోపలికొచ్చి బల్ల కింద పడుకుంది. కాసేపటికి జెనెల్ ఫైల్లోంచి కలం తీసింది. ‘బడి తరఫున’ అన్న చోట తన పేరు రాసి, తేదీ వేసింది.

తర్వాత, కలం చేయి మారకుండానే, పైన ‘విద్యార్థి తల్లి’ అన్న గీత మీద కూడా తన పేరే రాసింది: జెనెల్ రీమర్.