ఒక్క పాలసీ కోసం

"సగం ధరకే కారు ఇన్సూరెన్స్ అన్నావు చూడు నాయనా, అక్కడే అనుమానమొచ్చింది నాకు," అంది ఫోన్లో టీసీ పిన్నిగారు.

బావ ఫోను ఈ చెవి నుంచి ఆ చెవికి మార్చుకున్నాడు. (బామ్మర్ది అలా పిలుస్తాడు కాబట్టి మనమూ బావ అనే అందాం.)

పిన్నిగారు రైళ్ళలో టికెట్లు తనిఖీ చేసి చేసి రిటైరైన మనిషి. ఈమధ్యే ఒక సెకండ్ హ్యాండ్ ఎర్ర కారు కొనుక్కుంది. దాని పాత పాలసీకి ఇంకా బోలెడు గడువుంది. అందుకని ఆవిడకి తొందర లేదు, ఓపిక మాత్రం బండెడుంది.

"ఈ ఒక్కరోజే ఆఫరండీ!"

"తొందరపెట్టేవాళ్ళని తర్వాతి స్టేషన్లో దింపేసేదాన్ని నేను. అసలు ధర చెప్పు."

చెప్పాడు.

"ఆఁ, ఇప్పుడు కాస్త నమ్మబుద్ధేస్తోంది. ఆఫీసెక్కడ?"

ఆఫీసంటే, మూతపడ్డ టైలరు కొట్టు. అందులో ఒక కుంటి బల్ల, రెండు స్టూళ్ళు, బామ్మర్ది. పిన్నిగారు వచ్చి గుమ్మంలోనే ఆగిపోయింది.

"బోర్డేదయ్యా? రేపు నాకేమైనా అయితే నిన్నెక్కడ వెతుక్కోను?"

"రాయిస్తున్నామండీ. పెయింటరుకి జ్వరం."

మర్నాటికల్లా బోర్డు వెలిసింది. దానికోసం బామ్మర్ది చేతి గడియారం ఎగిరిపోయింది పాపం!

బావకి ఇది ఎన్నో వ్యాపారమో దేవుడికే తెలియాలి. కోళ్ళు పెంచితే చచ్చాయి. కుర్చీలు అద్దెకిస్తే తిరిగి రాలేదు. "ఇదీ మూణ్ణాళ్ళ ముచ్చటే అయితే, మా నాన్న పిండిమరలో బస్తాలు మోద్దురుగాని," అని పెళ్ళాం తేల్చి చెప్పేసింది. మామగారి మొహం, ఆ పిండి దుమ్ము తల్చుకుంటేనే బావకి తుమ్ములొస్తాయి. మొట్టమొదటి బేరం పిన్నిగారు. ఎలాగైనా సరే, చెయ్యి జారనివ్వకూడదు.

పిన్నిగారు మళ్ళీ వచ్చింది. బోర్డు ఒకటికి రెండుసార్లు చదివింది.

"బాగుంది. లైసెన్సేదీ?"

"అదీ... వస్తోందండీ."

"వచ్చాకే కబురు చెయ్యి."

బావ తల పట్టుకున్నాడు. లైసెన్సు రావాలంటే ఒక కంపెనీలో చేరాలి, శిక్షణకెళ్ళాలి, పరీక్ష రాయాలి. బడి మానేశాక పుస్తకం మొహం చూడని మనిషి! అయినా చేరాడు. కుంటి బల్లమీద మోచేతులాన్చి బట్టీ పట్టాడు. బామ్మర్ది ప్రశ్నలడిగేవాడు, బావ ఒకటడిగితే ఇంకోటి చెప్పేవాడు.

"ఒక్కావిడ కోసం ఇంత అవస్థేంటి బావా? ఊళ్ళో ఇంకెవరూ దొరకరా?"

"పంతంరా! ఈవిడ మనల్ని నమ్మిందంటే ఊరంతా నమ్మినట్టే."

మొదటిసారి పరీక్ష తప్పాడు. రెండోసారి ఎలాగో గట్టెక్కాడు. నిజం చెప్పొద్దూ, లైసెన్సు చేతికొచ్చినప్పుడు కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. జన్మలో మొదటిసారి ఏదో ఒకటి పాసయ్యాడు మరి!

పిన్నిగారు దాన్ని ముందూ వెనకా చూసింది. వెలుతురుకి పెట్టి చూసింది. అక్కడే నిలబడి కంపెనీకి ఫోన్ చేసింది.

"ఉన్నాడట," అంది కాస్త నిరాశగా. "డబ్బు మాత్రం నీ చేతికివ్వను. చెక్కు కంపెనీ పేరునే రాస్తా."

"అలాగే పిన్నిగారూ."

"పాలసీ అసలుదో కాదో కంపెనీ వెబ్‌సైట్లో నేనే చూసుకుంటా."

"చూసుకోండి పిన్నిగారూ."

చూసుకుంది. పాలసీ లక్షణంగా కనబడింది.

ఆ తర్వాత కొద్దిరోజులకే ఆవిడ కారు వెనక్కి తీస్తూ సొంత గేటునే గుద్దేసింది. బావ గ్యారేజీకీ కంపెనీకీ మధ్య కాళ్ళరిగేలా తిరిగాడు. గుమస్తాతో పోట్లాడి మరీ క్లెయిము ఇప్పించాడు. పిన్నిగారు మురిసిపోయి, తనతోపాటు రిటైరైన టీసీలందర్నీ కొట్టుకి తోలుకొచ్చింది.

"ఈ అబ్బాయిని కళ్ళు మూసుకుని నమ్మొచ్చర్రా," అంది. ఆ మాట ఆవిడ నోట రావడం అదే మొదటిసారని పక్కనున్నావిడ నోరు వెళ్ళబెట్టింది.

స్టూళ్ళు చాల్లేదు. పక్క కొట్లోంచి బల్లలు తెచ్చారు. ఆ కబురు విని పెళ్ళాం కూడా పిండిమర ఊసెత్తడం మానేసింది.

అందరూ వెళ్ళాక బావ లైసెన్సుకి కట్టించిన ఫ్రేము చొక్కా అంచుతో తుడిచి, గోడకి తగిలించి, నాలుగడుగులు వెనక్కి జరిగి తృప్తిగా చూసుకున్నాడు. బామ్మర్ది బుర్ర గోక్కున్నాడు.

"అంతా బాగానే ఉంది గానీ బావా, ఇంతకీ ఆవిడకి మనం కుచ్చుటోపీ పెట్టేదెప్పుడు?"