ఎవరి గాదె వాళ్లది

"బూజు పట్టిన గింజలు తిని తినీ కిడ్నీలు పాడుచేసుకుంది మీ అక్క. ఇంకొన్నాళ్లు తింటే మనిషి దక్కేది కాదు," అన్నాడు డాక్టర్ ముతీసో.

"ఆవిడ నాకు అక్క కాదు, సవతి," అంది ముటిండి, నిండు కడుపుతో ఆయాసపడుతూ. "అయినా బూజు పట్టింది నా గాదెలో మొక్కజొన్నకి డాక్టర్! ఆవిడ మొక్కజొన్న ముత్యాల్లా ఉంది."

మంచం మీద కలేక్యే మొహం బాగా ఉబ్బిపోయింది. నోరు మాత్రం ఎక్కడా తగ్గలేదు.

"ఏమే, ఊళ్లో గాదెలన్నీ ఆయనకెందుకు? ఇంటికి పోయి ఉగాలి ముద్ద వండుకో," అని కసిరింది.

మొగుడు ఒక్కడే అయినా ఆ ఇంట్లో ఎవరి పొయ్యి వాళ్లది, ఎవరి గాదె వాళ్లది. వానలకి ముటిండి గాదె కప్పు కారి, మొక్కజొన్నంతా బూజెక్కింది. కరువు రోజుల్లో పారబోసే ధైర్యం ఎవరికుంటుంది? సిగ్గు విడిచి పెద్దదాన్నే అడిగింది. "నా గింజ నీ కుండలో పడదు," అని అందరి ముందూ గాదె తలుపు వేసేసింది కలేక్యే.

"నేను కడిగి, ఎండబెట్టుకుని తిన్నాను డాక్టర్. పిండి తెల్లగానే వచ్చింది," అంది ముటిండి.

"ఆ బూజు విషం కడిగితే పోదమ్మా. ఉడికించినా పోదు."

ముటిండి రెండు చేతులూ పొట్ట మీద వేసుకుంది. "అయ్యో, నా బిడ్డ!"

వెంటనే రక్తం తీశారు. సాయంత్రానికి డాక్టర్ నవ్వుతూ వచ్చాడు.

"భయపడకు. నీ రక్తంలో ఆ విషం జాడే లేదు. బిడ్డా బాగుంది. నువ్వసలు ఆ గింజలు తినలేదు."

"తిన్నాను మొర్రో అంటుంటే! మా ఇద్దరి గింజలూ మరకి మోసింది ఈవిడే, అడగండి. 'దారిలో పడి చస్తే నన్నంటారు, ఇలా తగలెయ్' అని తిట్టుకుంటూ, రెండు సంచులూ నుదుటి పట్టీకి కట్టి వీపున వేసుకుని వెళ్లేది. పిండి తెచ్చి నా సంచి నా గుమ్మంలో పడేసి..."

ముటిండి కళ్లు నిండిపోయాయి. వెళ్లి ఆ ఉబ్బిన చెయ్యి పట్టుకుంది.

"అక్కా..."

కలేక్యే మొహం గోడవైపు తిప్పుకుంది.

"ఎందుకే ఆ ఏడుపు? నా గింజ నీ కుండలో పడదన్నానే గానీ, నా పిండి పడదన్నానా?"