నకలు లేని తాళంచెవి

మొదటి దెబ్బకే కోడలి కళ్ళజోడు ఎగిరి గోడకి తగిలింది. రెండోది పడేలోపు అత్త మధ్యకి వచ్చింది. కొడుకు బూటుకాలు ఆమె మోకాలి మీద పడింది.

"నా తలుపు నన్నడక్కుండా తెరుస్తావా? ఏ చేత్తో తెరిచావు? ఇదేనా?"

కోడలి ఎడమచేతి చిటికెనవేలు పుటుక్కుమంది. వేలు విరిగితే అంత చిన్న చప్పుడే వస్తుందని అత్తకి అప్పుడే తెలిసింది.

సందు చివర అతనికి వెల్డింగ్ షాపు ఉంది. ఇంటి కిటికీలకి ఊచలు అతను బిగించినవే. ముందు తలుపుకి ఇనపరేకు వేసిందీ అతనే. ఆదివారం ఒక్కరోజు షాపు మూసి, తాగి పడుకుంటాడు. కోడలు ఇంట్లో కూర్చునే ఒక తాళాల కంపెనీకి ప్రోగ్రాములు రాస్తుంది. పరీక్షించి చూడమని కంపెనీ పంపిన ఎలక్ట్రానిక్ తాళాన్ని అతను ముందు తలుపుకి బిగించి, లోపలివైపు పిడి ఊడదీసి పారేశాడు. ఇక తలుపు తెరుచుకోవాలంటే అతని ఫోనులో ఉన్న తాళంచెవే దిక్కు. తలుపు కాస్త కదిలినా ఆ ఫోను కుయ్యిమంటుంది.

ఆ ఉదయం అతను షాపుకి వెళ్ళాక కోడలు తన ఫోనులోకి కూడా ఒక తాళంచెవి చేసుకుంది. తలుపు తెరుచుకుంది. అత్తాకోడళ్ళు సందు మలుపుదాకా వెళ్ళారు. అక్కడ అతను ఇనప రాడ్డుతో ఎదురొచ్చాడు.

మర్నాడు కోడలు వేలికి గుడ్డ చుట్టుకుని, ఆ తాళానికి రాస్తున్న ప్రోగ్రాముతో కంప్యూటర్ ముందు కూర్చుంది. అందులో తప్పు కనబడితే కంపైలర్ ముందుకు పోనివ్వదు. కంపెనీలో ఆమెకి పని నేర్పే సీనియర్ ఫోను చేసింది.

"ఏంటమ్మాయ్, మళ్ళీ క్లోన్ కొట్టావు?"

"ఏం చెయ్యనక్కా, కంపైలర్ ఒప్పుకోలేదు. నకలు తీస్తే నోరు మూసుకుంది."

"మూసుకుంటుంది. కొత్తవాళ్ళందరూ చేసే పనే ఇది. తిట్టు పడ్డచోటల్లా ఒక నకలు. మరి అసలుది ఏమైంది?"

కోడలు ముందు తలుపు వైపు చూసింది. "పాత ఓనర్ దగ్గరే ఉండిపోయింది."

"అదీ సంగతి! ఈ భాషలో ఒక వస్తువుకి ఒక్కరే ఓనర్. నకలు తియ్యకు, చేతులు మార్చు. మార్చేశాక పాతవాడి చేతిలో ఏమీ మిగలదు. అది వంటబట్టిన రోజున నువ్వు రెండో మెట్టెక్కినట్టు. అవునూ, టైపింగేంటి, నత్తలాగా?"

"వేలు తలుపులో పడిందక్కా."

ఫోను పెట్టేశాక అత్త గొంతు తగ్గించి అడిగింది. "ఏమందే?"

"ఈసారి తలుపు మీ అబ్బాయి మాట వినదు అత్తయ్యా."

"వాడు బద్దలు కొడతాడే."

"ఆయన వేసిన రేకేగా. ఆయన పనితనం మీద నాకు నమ్మకముంది."

అత్తకి నవ్వొచ్చింది కానీ, చిట్లిన పెదవి నవ్వనివ్వలేదు.

పోలీసులకి చెబుతానని కోడలు అన్నప్పుడల్లా ఇన్నేళ్ళూ కాళ్ళావేళ్ళా పడింది ఈ అత్తే. "కన్నదాన్నే, వాణ్ణి వదిలి ఎలా ఉండనే?" అనేది. ఇప్పుడు ఆ రాడ్డు ఇంటికొచ్చింది. "ఈసారి గడప దాటితే ఇద్దరికీ ఇదే ఆఖరు" అని దాన్ని మంచం కింద పెట్టుకున్నాడు. రోజూ ఊడ్చేటప్పుడు అత్త చీపురు దానికి తగిలి ఖణేల్‌మనేది. ఆమె మళ్ళీ ఆ మాట అనలేదు.

ఆ వారమంతా కోడలు మిగిలిన వేళ్ళతో పోట్లాడింది. ఒక నకలు తొలగిస్తే ఇంకోచోట కంపైలర్ అడ్డుపడేది. చేతులు మారిపోయినదాన్ని ఇంకా పాత పేరుతోనే పిలుస్తున్నావని కసిరేది. ఆమె పాత పేరుని వెతికి వెతికి చెరిపేసింది. శనివారానికి కంపైలర్ కిక్కురుమనలేదు. కొత్త ప్రోగ్రాము తలుపు తాళంలోకి ఎక్కింది.

ఆదివారం పొద్దు వాలకముందే తలుపు మీద మొదటి దెబ్బ పడింది.

"ఏయ్! ఈ ఫోనుకేమైందే? ఏం చేశావే? తలుపు తియ్యి!"

తర్వాత రాడ్డు అందుకున్నాడు. ఇనపరేకు గంటలా మోగింది. తలుపుకి ఆనుకున్న కోడలికి ప్రతి దెబ్బా వెన్నులో దిగుతోంది. అత్త కొంగు నెత్తిమీదికి లాక్కుని, సంచి ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. చెప్పులు కాళ్ళకే ఉన్నాయి.

"తలుపు నాది! మీరు నావాళ్ళు! చంపినా అడిగేవాడు లేడు!"

రాడ్డు ఆగింది. గొంతు మెత్తబడింది.

"అమ్మా... నువ్వయినా తియ్యవే."

అత్త చెయ్యి దానంతటదే తలుపు మీదికి వెళ్ళింది. చిన్నప్పుడు జ్వరమొస్తే వాడి నుదుటి మీద వేసినట్టే వేసింది. మళ్ళీ రాడ్డు పడింది. ఆ అదురు సరిగ్గా ఆమె అరచేతి కింద తగిలింది. ఆమె చెయ్యి తియ్యలేదు.

"అమ్మాయ్, నీ ఫోను నొక్కితే తెరుచుకుంటుంది కదూ?"

"అవునత్తయ్యా."

"నొక్కకు."

అంతలో ఆ ఫోనే మోగింది. సీనియర్.

"అమ్మాయ్, నీ కోడ్ ఇప్పుడే చూశాను. ఒక్క క్లోన్ లేదు! మెట్టెక్కావు పో... ఆ చప్పుడేంటి?"

"మా ఆయనక్కా. రాడ్డుతో తలుపు కొడుతున్నాడు."

"ఆ వేలు... తలుపులో పడలేదు కదూ?"

"లేదక్కా."

"పోలీసులకి చేశావా?"

"చేశాను. బయల్దేరారట."

"వాళ్ళొచ్చేదాకా తలుపు తియ్యకండి! ఇద్దరూ లోపలే ఉండండి, వింటున్నావా?"

కోడలు ఎండకి కళ్ళు చికిలించింది.

"లోపల ఉన్నది మేం కాదక్కా."