మిర్చి గోదాం షట్టర్

మిర్చి గోదాంకు కొత్తగా పెట్టించిన కరెంటు షట్టర్ ఆ రాత్రి కూడా సగంలోనే ఆగిపోయింది. గుమ్మానికి ఒక పక్క చిన్న బల్బు, ఎదురుగా దాని వెలుగును పసిగట్టే కన్ను ఉన్నాయి. మధ్యలో మనిషి అడ్డొస్తే షట్టర్ దిగదు.

కన్ను చెడిందనుకుని మెకానిక్ కొమురెల్లి రెండు కొత్తవి తెచ్చాడు. లోపల నిలబడి మొదట చవకది, తర్వాత ఖరీదైనది బిగించి చూశాడు. షట్టర్ మళ్లీ అక్కడే ఆగింది.

"ఇంకా దిగుతలేదేంది?" బయటి నుంచి సేటు వెంకట్రాజం అరిచాడు.

"కన్ను మంచిగనే ఉన్నది సేటూ. ఏదో అడ్డమున్నది."

"ఎవలడ్డమున్నరు? నువ్వొక్కనివే గద!"

కొమురెల్లి ముక్కుకు రుమాలు బిగించి, నేల మీది కారపు దుమ్మును గుప్పెడు తీసి గుమ్మంలోకి విసిరాడు. దుమ్ములో వెలుగు ఎర్రటి గీతలా కనబడింది. అది గుమ్మం మధ్య దాకా వచ్చి, గాలిలోనే తెగిపోయింది.



అంతలో గీత మెల్లగా సాగి కన్నును తాకింది. మోటారు గుర్రుమంది, షట్టర్ నేలదాకా దిగింది.

"శభాష్! ఇగ ఎనక తలుపుకెల్లి రా," అన్నాడు సేటు.

కొమురెల్లి కదల్లేదు. వెనక తలుపు దగ్గర, చీకట్లో, గొంతుకు కారం పట్టినట్టు ఎవరో దగ్గుతున్నారు.