అలుపు రుచి

ముందున్నవాడు ఇంకా అందలేదు.

పాలకుర్తి చేరేసరికి అమర్‌సింగ్ చొక్కా తడిసి వీపుకు అతుక్కుపోయింది. సకల జనుల సమ్మె నడుస్తున్న రోజులు. రైలు లేదు, బస్సు లేదు. జనగామ నుంచి ఇక్కడిదాకా రోడ్డంతా ఖాళీ. ఆ రోడ్డు మీద రెండే సైకిళ్లు. ముందు సన్నటి చక్రాల రేసు సైకిల్ మీద ఓ కుర్రాడు. వెనక, తమ టీ కొట్టుకు పాలు పోసే సోమనర్సయ్య సైకిల్ మీద అమర్‌సింగ్. గుంత వచ్చినప్పుడల్లా క్యారియర్‌కు కట్టిన ఖాళీ క్యాను డమడమా మోగుతోంది.

జీతం తీసుకుని ఓ కంపెనీ జట్టుకు రేసులు తొక్కేవాడు అమర్‌సింగ్. కప్పులు చాలానే వచ్చాయి. కానీ అతను తొక్కేది కప్పుల కోసం కాదు. ఆ సంగతి ఎవరికి చెప్పినా అర్థం కాదు. మొదట తొడలు మండుతాయి. తర్వాత గుండె గొంతులోకి వస్తుంది. ఇక చాలని ఒళ్లు బతిమాలుతుంది. వినకుండా తొక్కితే ఎప్పుడో ఒకసారి అన్నీ అయిపోతాయి. బలం, నొప్పి, ఆలోచన, చివరికి సొంత పేరు కూడా. అప్పుడు మనిషి దూదిపింజలా తేలిపోతాడు. అమర్‌సింగ్ అలా తేలింది ఒక్కసారే, పుణె దగ్గర ఓ ఘాట్ రోడ్డు మీద. మళ్లీ ఎంత తొక్కినా దొరకలేదు.

"గంతగనం అలిసిపోతే ఏమొస్తది నీకు?" అనేది అతని భార్య గోరీ.

"ఏం రాదు. ఉన్నదంత పోతది. గదే మజా."

గోరీ అతని నుదుటి మీద చెయ్యి పెట్టి, జ్వరం లేదని చూసుకుని, టీ కొట్టు పనిలో పడిపోయేది.

సమ్మెతో భూపాలపల్లిలో జరగాల్సిన పోటీ ఆగిపోయింది. ఒళ్లు తుప్పు పడుతోందని పరేషాన్ అవుతున్నప్పుడు తగిలాడు ఈ కుర్రాడు.

మొదట్లో అమర్‌సింగ్ రెండు మూడుసార్లు ఆగమని కేకేశాడు. వాడు ఆగకపోగా ఇంకా వంగి తొక్కాడు. ఇక ఊపిరిని కేకలకు ఖర్చుపెట్టడం మానేశాడు.

నిజానికి ఆ కుర్రాడికి తొక్కడం రాదు. సీటు ఎత్తుకు కాళ్లు అందక అటూ ఇటూ ఊగుతున్నాడు. గేర్ల జోలికే పోవడం లేదు. అయినా ముందు నుంచి ఎవరో పేరు పెట్టి పిలుస్తున్నట్టు పోతూనే ఉన్నాడు.

తొర్రూరు దగ్గర రోడ్డు మీదే వంటావార్పు. పొయ్యిల మీద అన్నం ఉడుకుతోంది. డప్పులు, జెండాలు. వీళ్లను చూసి సైకిల్ ర్యాలీ అనుకున్నారు జనం. జై తెలంగాణ అంటూ దారిచ్చి, ఇద్దరి నెత్తి మీదా చెంబులతో నీళ్లు కుమ్మరించారు.

"ఓ పాలాయనా, జల్ది తొక్కు. గాయిన పోతుండు," అంది గరిటె పట్టుకున్న ఓ అవ్వ.

అమర్‌సింగ్‌కు నవ్వొచ్చింది. నవ్వు ఆపుకోలేక, నవ్వుతూనే తొక్కాడు.

తర్వాత ఎత్తెక్కే దారి. కుర్రాడి పిక్కలు బిగుసుకుపోవడం వెనక నుంచి కనిపించింది. దూరం తగ్గింది. ఇంకా తగ్గింది. చెయ్యి చాస్తే అందేంత దగ్గరికి వచ్చాడు అమర్‌సింగ్. తొడలు మండి మండి చల్లబడుతున్నాయి. పుణె దగ్గర ఒక్కసారి తెరుచుకున్న ఆ తలుపు మళ్లీ తెరుచుకోబోతోందని ఒంటికి తెలుస్తోంది. ఇప్పుడు పట్టుకుంటే ఇక్కడితో అయిపోతుంది.

"కుడి బ్రేకు పక్కన మీట ఉన్నది సూడు," అన్నాడు రొప్పుతూ. "లోపలికి నూకు. కాళ్లు అల్కగైతయ్."

కుర్రాడు బెదిరిపోయి వెనక్కి చూశాడు. మీట నొక్కాడు. సైకిల్ తేలికై ముందుకురికింది. అమర్‌సింగ్ ఆనందం పట్టలేక లేచి నిలబడి తొక్కాడు.

ఆ తర్వాత పొలాలు లేవు, రోడ్డు లేదు. క్యాను మోత కూడా ఎక్కడో వేరే ఊళ్లో వినిపించినట్టుంది.

మహబూబాబాద్ పొలిమేరలో ఇద్దరూ పక్కపక్కనే గడ్డిలో పడిపోయారు.

"అన్నా, నేను..." అన్నాడు కుర్రాడు.

"మాట్లాడకు. మీదికి జూడు. ఆకాశం తిరుగుతున్నదా?"

"తిరుగుతున్నది."

"నాకు గూడ తిరుగుతున్నది."

ఎవరు ముందు మొదలుపెట్టారో, ఇద్దరూ కడుపులు పట్టుకుని నవ్వారు. ఆ కుర్రాడి పేరు సురేశ్. పట్నంలో పని. ఊరికి వస్తుంటే, ఎక్కిన లారీ జనగామలో ఆగిపోయింది.

"పొద్దుగాల ఫోనొచ్చిందన్నా. బిడ్డ పుట్టిందట. ఇగ ఆగబుద్ధి కాలే."

"మరి ఇంకా ఇక్కడ పండినవేంది? పా."

దవాఖానలో సురేశ్ భార్య కళ్యాణి, ఈయన ఎవరని అడిగింది. సురేశ్ తల వంచుకున్నాడు.

"దోస్తును. తొవ్వల కలిసినం," అన్నాడు అమర్‌సింగ్. చేతుల్లో సత్తువ లేక నేల మీద కూర్చుని, పాపను ఒళ్లో పెట్టించుకున్నాడు. ఖాళీ అయిపోయిన ఒంటికి ఆ పిడికెడు బరువు ఎంత బాగుందో.

దవాఖాన వరండాలోనే పడి నిద్రపోయాడు. తెల్లారాక ఎక్కడో పానా అడిగి తెచ్చి, రేసు సైకిల్ సీటు దించాడు.

"నీకు ఎత్తైతున్నది. మోకాళ్లు పోతయ్. సమ్మె అయినంక జనగామకు రా, మళ్ల తొక్కుదం."

సురేశ్ అతని రెండు చేతులూ పట్టుకున్నాడు.

సాయంత్రం ఈల వేసుకుంటూ జనగామలో దిగాడు అమర్‌సింగ్. టీ కొట్టు ముందు సోమనర్సయ్య తన పాల సైకిల్ చుట్టూ తిరిగి చూసుకుని, క్యానుకు పడిన సొట్టను తడుముకున్నాడు. గోరీ మాత్రం అమర్‌సింగ్ వెనక ఖాళీ రోడ్డును చాలాసేపు చూసి అడిగింది.

"దొంగ దొరకలేదా, నీ రేసు సైకిలేది?"