ముప్పై ఎనిమిది కిలోమీటర్లు

“మూడోసారి మేస్త్రీ, ఇది మూడోసారి!” సర్వేయరు బానెట్ మీద అరచేత్తో చరిచాడు. “ఎనిమిది నెలల్లో మూడు హెడ్ గాస్కెట్లు. నువ్వు వేసేది గాస్కెట్టా, అట్టముక్కా?”

మేస్త్రి చల్లారిన ఇంజన్ మీదికి వంగి రేడియేటర్ మూత తీసి, బండి స్టార్ట్ చేయమన్నాడు. నీళ్లలోంచి బుడగలు వరసగా పైకి తన్నుకొచ్చాయి.

“సిలిండర్లో గాలి నీళ్లలోకి వస్తోంది సర్. ఆ ఒత్తిడికే కూలెంట్ పొంగి బయటికి పోతోంది. గాస్కెట్ మళ్లీ పోయింది.”

“పోయిందని నాకూ తెలుసు. ఎందుకు పోతోందో చెప్పు. నీకు చేతకాకనా, కావాలనా?”

మేస్త్రి ముఖం ఎర్రబడింది. ఇరవై ఏళ్లుగా మెకానిక్ షెడ్డు నడుపుతున్న మనిషి. ఈ డీజిల్ కారు పుణ్యమా అని ఇప్పుడు వీధిలో తలెత్తుకోలేకపోతున్నాడు. సర్వేయరు కనబడ్డ ప్రతివాడికీ అతన్ని దొంగ అనే చెబుతున్నాడు.

“ఈసారి మీ కళ్ల ముందే విప్పుతాను. కూర్చోండి.”

“కూర్చుంటాను. రెప్ప కూడా వేయను.”

అన్నట్టే స్టూలు ఇంజన్ పక్కకు లాక్కుని కూర్చున్నాడు. కొలవనిది ఏదీ నమ్మడాయన. ఎక్కడికెళ్లొచ్చినా కారు మీటరులో అంకె జేబు పుస్తకంలో రాసుకుంటాడు.

మధ్యాహ్నానికి ఇంజన్ మీది మూతలాంటి హెడ్, దాని కింద నలిగిన గాస్కెట్ పొర ఊడివచ్చాయి. మేస్త్రి హెడ్ మీద ఉక్కు బద్ద ఆనించి చూశాడు. ఎక్కడా వంపు లేదు. తర్వాత సిలిండర్లున్న కింది బ్లాకు పైభాగాన్ని శుభ్రంగా తుడిచి, దాని మీదా బద్ద పెట్టాడు. సన్నటి రేకు ఒకటి తీసి బద్ద కింద తోయబోయాడు. ఒకచోట అది సునాయాసంగా లోపలికి జారిపోయింది.

“మీరే చూడండి సర్. కొలతలు మీ పనే కదా.”

సర్వేయరు మూడుసార్లు చూశాడు. మూడుసార్లూ రేకు అక్కడే జారింది.

“రెండో సిలిండరుకీ మూడోదానికీ మధ్య బ్లాకు కుంగింది. దీని మీద ఎన్ని గాస్కెట్లు వేసినా కూర్చోవు.”

“మరి ముందే ఎందుకు చూడలేదు?”

“అది నా తప్పే. కానీ బండి ఎప్పుడైనా బాగా కాగిందా అని మొదటిరోజే అడిగాను. ఒక్కసారీ కాగలేదన్నారు. మీ మాట నమ్మి హెడ్ ఒక్కటే చూసి సరిపెట్టుకున్నాను.”

“నిజమే కదా! వేడి ముల్లు సగం దాటనిచ్చేవాణ్ణి కాదు.”

“సగంలో ఉంటే ఇంత ఇనుము కుంగదు సర్.” మేస్త్రి కిందికి వేలు చూపించాడు. “ఈ నీళ్ల పైపు చూడండి. మిగతావన్నీ బండితో పుట్టినవి. ఇదొక్కటే కొత్తది. నేను వేయలేదు.”

“నేనూ వేయించలేదు.”

“అయితే ఇంకెవరో వేయించారు. పాతది పగిలి నీళ్లన్నీ కారిపోయుంటాయి. ఇంజన్ ప్రాణం పోతున్నా ఎక్కడా ఆపకుండా తోలారు.”

సర్వేయరు జేబు పుస్తకం తీసి గబగబా వెనక్కి తిప్పాడు. తొమ్మిది నెలల కిందటి గుండె ఆపరేషనుకు ముందు రాసిన చివరి అంకె ఒకటి. తర్వాత మళ్లీ స్టీరింగు పట్టిననాటి అంకె ఇంకొకటి. రెంటికీ మధ్య ముప్పై ఎనిమిది కిలోమీటర్ల తేడా. తనే తప్పు రాశాననుకున్నాడు అప్పట్లో.

ఆ నెలంతా తను మంచం మీద, తాళంచెవి ఇంట్లో. ఇంట్లో డ్రైవింగ్ వచ్చిన రెండో మనిషి తమ్ముడు. ఒకసారి కారును గేటుకు రాసుకుపోయేలా తోలాడని, ఇక దాన్ని ముట్టుకోవద్దని తనే శాసించాడు.

ఇంకా ఒక్కొక్కటే గుర్తొచ్చాయి. బండి మాటెత్తితే చాలు, భార్య “పాడు కారు, వదిలేయండి” అంటుంది. మొన్న వంటింట్లో వదినా మరిదీ ఏదో మాట్లాడుకుంటూ, తను రాగానే ఠక్కున నోరు మూశారు.

ఫోను తీశాడు. “ఉన్నపళంగా మేస్త్రి దగ్గరికి రా.”

తమ్ముడు ప్రింటింగ్ ప్రెస్సులోంచి సిరా చేతులతోనే వచ్చాడు. విప్పేసి ఉన్న ఇంజన్ చూడగానే గుమ్మంలోనే ఆగిపోయాడు.

“ఈ పైపు ఎవరు వేయించారు?”

“నేనే అన్నయ్యా.”

“నన్ను అంబులెన్సులో ఆసుపత్రికి పంపించామన్నారే, ఆ తర్వాత నా బండేసుకుని షికారు తిరిగావా?”

తమ్ముడు తల వంచుకుని చేతి సిరా చొక్కాకు తుడుచుకోసాగాడు.

“నీ మూలాన ఈ మేస్త్రిని నలుగురిలో దొంగన్నాను. అంతా వింటూ కుక్కిన పేనులా పడున్నావు!”

“చెబుదామనే అనుకున్నాను. ఆపరేషనైన మనిషి, కోపం తెచ్చుకుంటే ప్రమాదమని వదిన వద్దంది.”

“ఓహో, ఇద్దరూ కలిసే చేశారన్నమాట! ముల్లు పైకి పోవడం చూశావా?”

“చూశాను.”

“ఎర్ర దీపం?”

“చూశాను. ముందు అద్దం కనబడనంత ఆవిరి కూడా వచ్చింది.”

“మరి ఎందుకాపలేదురా?”

“ఆపితే మళ్లీ కదలదేమోనని భయమేసింది.”

“కదలకపోతే కొంపలంటుకుంటాయా? అంత నెత్తిన పెట్టుకు మోయాల్సిన మనిషెవరు? ఎవర్ని ఎక్కించుకున్నావు?”

మేస్త్రి చేతిలో గుడ్డ అలాగే ఆగిపోయింది. తమ్ముడు మెల్లగా తలెత్తాడు.

“నిన్నే అన్నయ్యా, అంబులెన్సు రాక నువ్వు స్పృహ లేకుండా పడుంటే.”