గురువారం చెప్పిన అబద్ధం

సిరియాలోని మా హోమ్స్ ఊళ్లో బుధవారం నాడు ఎవడు ఏం చెప్పినా నమ్మకూడదు.

పూర్వం తైమూరు దండు మీదికొస్తుంటే, ఊరు ఊరంతా ఇత్తడి గిన్నెలు నెత్తిన బోర్లించుకుని, మెళ్లో గంటలు కట్టుకుని పిచ్చోళ్లలా గెంతారట. ఈ పిచ్చి తమకెక్కడ అంటుకుంటుందోనని దండు పక్కదారి పట్టిందట. అదీ బుధవారమేనట.

అప్పట్నించీ ఆ రోజు ఎదుటివాణ్ణి వెర్రివాణ్ణి చెయ్యడం ఊరి హక్కు.

సుభీ టీ దుకాణంలో దానికో పద్ధతి కూడా ఉంది. ఎవడు గొప్పగా బురిడీ కొట్టిస్తే వాడికి పొయ్యి పక్క కుర్చీ. మళ్లీ బుధవారం దాకా దాంట్లో ఇంకోడు కూచోకూడదు.

పన్నెండేళ్లుగా ఆ కుర్చీ పరుపులు కుట్టే అబూ నౌఫల్‌ది. అందరూ అతన్ని బుధవారం రాజు అనే పిలిచేవాళ్లు.

ఆ చలికాలం మునీబ్ అనే ముసలాయన ఊళ్లోకి అద్దెకొచ్చాడు. ఒంటరి మనిషి. ఏం పని చేసేవాడివి బాబాయ్ అంటే, కూచుని జనం చెప్పింది వినేవాణ్ణి అన్నాడు.

ఆయన ఏది చెప్పినా నమ్మేసేవాడు.

రెండు వేళ్ల కన్నా వెడల్పు మీసానికి మునిసిపాలిటీ పన్ను వేసిందని చెప్పులు కుట్టే తౌఫీక్ అన్నాడు. మునీబ్ వెళ్లి మీసం కత్తిరించుకొచ్చి, రసీదు ఎక్కడిస్తారని అడిగాడు.

భార్య పోయాక తౌఫీక్ నవ్వగా చూసినవాడు లేడు. ఆ రోజు కడుపు పట్టుకుని నవ్వాడు.

కుర్చీ తౌఫీక్‌కిచ్చారు.

తర్వాతి వారం రొట్టెలవాడు, గడియారం స్తంభానికి ఇంటికొకరు వంతులేసుకుని కీ ఇవ్వాలన్నాడు. మునీబ్ రొట్టె మూట కట్టుకెళ్లి మూడు గంటలు దాని కింద నిలబడ్డాడు.

కుర్చీ రొట్టెలవాడిదయింది.

అబూ నౌఫల్‌కి కడుపు మండిపోయింది. వారమంతా ఆలోచించి అల్లిన అబద్ధం తను చెప్తే మునీబ్ "అలాగా" అని ఊరుకునేవాడు. నోట్లో మాట పెగలనివాడు చెప్తే మాత్రం నిలువునా పడిపోయేవాడు.

"ముసలాడికి నా దగ్గర పడ్డానికి నామోషీ," అన్నాడు సుభీతో.

సుభీ టీ పోస్తూ అన్నాడు: "నీ అబద్ధానికేం అన్నా, బాగానే ఉంటుంది. ఆయన పడ్డమే అంతకన్నా బాగుంటోంది."

అదీ అసలు మంట. జనం ఇప్పుడు అబద్ధం వినడానికి రావట్లేదు. మునీబ్ ఎలా పడతాడో చూడ్డానికొస్తున్నారు.

కుర్చీ చేజారి ఎనిమిది వారాలయింది. ఆ బుధవారం బట్టలకొట్టువాడు అందరి ముందూ "మాజీ రాజుగారూ, కాస్త జరగండి" అన్నాడు.

మర్నాడు పొద్దున్నే అబూ నౌఫల్ మునీబ్ తలుపు తట్టాడు.

"చెప్పడానికి నోరు రావట్లేదు బాబాయ్. నువ్వొస్తే గిరాకీ పాడవుతోందట. ఇక రావద్దని సుభీ మాట. మొహం మీద చెప్పలేక నన్ను పంపాడు."

మునీబ్ అతని మొహంలోకి కాసేపు చూశాడు.

"ఇవాళ ఏ వారం నాయనా?"

"గురువారం."

"గురువారమా. అయితే నిజమే అయ్యుంటుంది."

లోపలికొచ్చి టీ తాగి వెళ్లమన్నాడు. అబూ నౌఫల్ పనుందని వచ్చేశాడు.

వారం తిరక్కుండా ముసలాయన ఇల్లు ఖాళీ చేసి లటకియాలో కూతురి దగ్గరికి వెళ్లిపోయాడు. మన వేళాకోళం ముదిరి నొచ్చుకున్నాడేమోనని సుభీ ఒకటే బాధపడ్డాడు. అబూ నౌఫల్ గ్లాసులో చక్కెర కలుపుకున్నాడు.

కుర్చీ అతనికి తిరిగొచ్చింది. మంచి మంచి అబద్ధాలే చెప్పాడు. జనం నవ్వారు, టీ చల్లారేలోపు నవ్వు ఆగిపోయింది. తౌఫీక్ గుమ్మం వైపే చూస్తూ కూచునేవాడు.

ఎండలు ముదిరాక ఒకరోజు దుకాణం గోడ మీద చావు కాగితం అంటించి ఉంది. ఊళ్లో ఎవరు పోయినా అంటించేదే. దాని ముందు వకీలొకాయన తలొంచుకుని నిలబడ్డాడు.

అబూ నౌఫల్‌ది వానాకాలం చదువు. ఎవరు పోయారని అడిగాడు.

"మునీబ్‌గారు. లటకియాలో పోయారు. చివరిదాకా ఈ దుకాణం కబుర్లే చెప్పి నవ్వుకునేవారట. అందుకని కూతురు ఇక్కడా అంటించమంది."

అబూ నౌఫల్ కాగితం దగ్గరికి జరిగాడు.

"పాపం, వెర్రి మాలోకం. ఏం చెప్పినా నమ్మేవాడు."

వకీలు అతన్ని వింతగా చూశాడు.

"మునీబ్‌గారా? డమాస్కస్‌లో ముప్పై ఏళ్లు జడ్జీగా చేశారాయన. సాక్షి మొహం చూసే అబద్ధం పట్టేస్తారని, దొంగసాక్షులు ఆయన కోర్టు గుమ్మం తొక్కేవాళ్లు కాదు."